చెవితో మార్చే గేరు

మా మేనమామ అంబాసిడర్‌లో స్పీడోమీటరు ముల్లు ఎప్పుడూ సున్నా మీదే ఉండేది. అయినా ఆయన ఏనాడూ గేరు దగ్గర తడబడలేదు. స్టీరింగు పక్కన ఉండే గేరు రాడ్డు మీద చెయ్యేసి, తల కాస్త వంచి ఇంజను మోత వినేవాడు. "అడుగుతోందిరా" అంటూ క్లచ్ తొక్కేవాడు. నాకు మాత్రం అంతా ఒకటే మోత.

ఆయన చెవికి తెలిసిందాన్ని ఇప్పటి కార్లలో మీటరు చూపిస్తోంది. మామూలు పెట్రోలు ఇంజను నిమిషానికి 2,000 నుంచి 2,500 చుట్లు తిరుగుతున్నప్పుడు పై గేరు వేసుకోవచ్చు. డీజిలైతే 1,500 నుంచి 2,000 మధ్యే చాలు. ఫస్టు గేరు బండిని కదిలించడానికే, నాలుగు గజాలు పోగానే సెకండు వేసెయ్యాలి. ముప్ఫై దగ్గర థర్డు, నలభై దాటాక ఫోర్తు, అరవైకి అటూ ఇటూగా ఐదోది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే సుమా! ఐదుగురు ఎక్కి, ఏసీ వేసి, ఎదురుగా ఎత్తు ఉంటే అదే థర్డుకి ఇంకాసేపు ఆగాలి.

పైకి వెయ్యడం అందరికీ వారంలో వచ్చేస్తుంది. తంటా అంతా కిందికి దించడంలోనే. బస్సు వెనకాల ఫ్లైఓవరు ఎక్కుతున్నారు, వేగం ఇరవైకి పడింది, గేరు ఇంకా ఫోర్తులోనే ఉంది. ఎక్సలేటరు తొక్కితే బండి లాగదు. గేరు రాడ్డు చేతి కింద వణుకుతుంది, డ్యాష్‌బోర్డు గడగడలాడుతుంది. మైలేజీ కోసం టాపు గేరు వదలని పొదుపరులు నాకు చాలామంది తెలుసు. ఇంజను గుంజలేక మూలుగుతుంటే వాళ్ళు ఎక్సలేటరు ఇంకా లోతుగా తొక్కుతారు. మిగిలే పెట్రోలు ఏమీ ఉండదు, ఇంజను బేరింగులకు మాత్రం దెబ్బ. ఎత్తు మొదలవకముందే సెకండుకి దిగిపోవడం మేలు. ముందు బ్రేకుతో వేగం తగ్గించి, తర్వాత గేరు దించి, క్లచ్ మెల్లగా వదలాలి.

ఎత్తు మీద సిగ్నలు పడితే హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టేవాళ్ళకు క్లచ్ ప్లేటు కాలిన వాసన ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. హ్యాండ్ బ్రేకు ఉన్నది అందుకే.

మామయ్యకి ఇంకో విద్య వచ్చు. ఆ అంబాసిడర్‌లో బండి నడుస్తుండగా ఫస్టు వెయ్యబోతే పళ్ళు కరకరమనేవి. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, ఎక్సలేటరు ఒక్కసారి కదిలించి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వేసేవాడు. పాత లారీ డ్రైవర్లందరికీ చేతనైన పని అది. పళ్ళు కలిసేలోపు వాటి వేగాలను సరిపెట్టే సింక్రోమెష్ 1928లోనే కాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఇప్పుడు మన కార్లలో అన్ని ముందు గేర్లకూ ఉంది కాబట్టి ఆ రెండు తొక్కుళ్ళ అవసరం తీరింది. వినాల్సిన అవసరం మాత్రం తీరలేదు.

తిరుమల నుంచి మొదటి ఘాటు రోడ్డులో దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేసి పెట్రోలు ఆదా చేశామనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది ప్రమాదం, పైగా లెక్క కూడా తప్పు. గేరులో ఉంచి ఎక్సలేటరు వదిలేస్తే, ఇప్పటి ఇంజన్లు దిగుడులో పెట్రోలు సరఫరానే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఆగిపోకుండా తిరగాలంటే ఇంజనుకి పెట్రోలు పొయ్యక తప్పదు. ఆ దిగుడుని ఎక్కాల్సి వస్తే ఏ గేరు వేస్తారో అదే వేసి దిగండి, సెకండో థర్డో. బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల దగ్గరే తొక్కాల్సి వస్తుంది. అలిపిరి దాటాక బండి ఆపి ముందు చక్రం దగ్గరికి వెళ్ళండి. మాడు వాసన రాకపోతే గేరు సరిగ్గా వాడినట్టే.