బ్రీడా చేసిన తప్పేమిటి?

కత్తులూ, నెత్తురూ, గడ్డాల వీరులూ ఉన్న సీరియల్ అంటే నాకు మొదటినుంచీ విసుగే. అయినా 2015 నుంచి 2022 దాకా వచ్చిన 'ది లాస్ట్ కింగ్‌డమ్' అయిదు భాగాలూ వదలకుండా చూశాను. బెర్నార్డ్ కార్న్‌వెల్ నవలలు దానికి ఆధారం.

తొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో బెబ్బన్‌బర్గ్ కోట ప్రభువు కొడుకు ఊట్రెడ్. సాక్సన్ జాతివాడు. సముద్రం దాటి వచ్చిన డేన్లు తండ్రిని యుద్ధంలో చంపి, పిల్లవాణ్ణి తీసుకుపోయి పెంచుకుంటారు. పినతండ్రి కోట కాజేస్తాడు. కర్ణుడి కథ వింటూ పెరిగిన మనకి అలాంటి మనిషి బాధ ఒకరు చెప్పక్కర్లేదు! బాప్తిస్మం పొందినా అతని మనసంతా ఓడిన్, థోర్ దేవుళ్ల మీదే. చేతిలో కత్తితో చస్తేనే వల్హల్లా అనే వీరస్వర్గం దక్కుతుందని నమ్మకం. పోట్లాడేది మాత్రం క్రైస్తవ రాజు ఆల్ఫ్రెడ్ పక్షాన.

ఆల్ఫ్రెడ్‌గా డేవిడ్ డాసన్‌ని మెచ్చుకోకుండా ఉండలేం. కడుపునొప్పితో వంగిపోతూ, ప్రార్థనలు చేసుకుంటూ, ఈ అన్యమతస్థుడు లేనిదే రాజ్యం నిలవదని లోలోపల కుమిలే రాజు! 878లో ఎడింగ్టన్ దగ్గర గుత్రమ్ అనే డేన్ రాజుని ఓడించి, బాప్తిస్మం ఇప్పించి, జ్ఞానతండ్రి అయినవాడు ఆల్ఫ్రెడ్. అది చరిత్రే. ఊట్రెడ్ దగ్గర మాత్రం ఆయన పప్పులుడకలేదు. చనిపోయేముందు ఇద్దరూ మాట్లాడుకునే ఘట్టం ఒక్కటీ ఒక ఎత్తు, మిగతా యుద్ధాలన్నీ ఒక ఎత్తు.

నా పేచీ బ్రీడాతో. అంటే, బ్రీడాతో కాదు, ఆమెను రాసినవాళ్లతో. ఊట్రెడ్‌తో పాటే డేన్ల చేతికి చిక్కిన సాక్సన్ పిల్ల ఆమె. ఒకే ఇంట్లో పెరిగారు. శత్రువులు ఆ ఇంటికి నిప్పు పెట్టిన రాత్రి ఇద్దరూ ఒక్కసారే దిక్కులేనివాళ్లయ్యారు. అతను అటు కొన్నాళ్లూ ఇటు కొన్నాళ్లూ తిరిగాడు. ఆమె డేన్లనే తనవాళ్లనుకుంది, కడదాకా అలాగే ఉంది. ఆమె మనిషి రాగ్నర్‌ని పక్కమీద పొడిచి చంపారు. చేతికి కత్తి అందలేదు. వల్హల్లా తలుపు అతనికి మూసుకుపోయిందని ఆమె పడే తపన చూశాకే, వాళ్ల మతం నాకు కాస్త అర్థమైంది. ఊట్రెడ్ మెడలో వేలాడే థోర్ సుత్తి చూస్తే ఎప్పుడూ అలా అనిపించలేదు మరి!

అలాంటిదాన్ని బానిసను చేసి, బిడ్డను పోగొట్టి, ఉన్మాదినిగా మార్చి, చివరికి ఊట్రెడ్ కూతురి బాణంతో చంపించారు. ఊట్రెడ్‌కేమో కోట తిరిగి దక్కింది. అటూ ఇటూ మసలడం మగవాడిలో లోకజ్ఞానమట, ఒకవైపే నిలబడటం ఆడదానిలో పిచ్చి అట! రాత ఎలా ఉన్నా, ఎమిలీ కాక్స్ కళ్లలో ఆ కోపానికి కారణం కనపడుతూనే ఉంటుంది.

ఈ కథనే బ్రీడా నోట ఎవరైనా చెప్పిస్తే బాగుండును. అందులో ఊట్రెడ్ ఎలా ఉంటాడో చూడాలని ఉంది.