మూసలకు వ్యాఖ్య

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ‘మూస’ యను మాట చక్కగా కుదిరినది. కరగిన లోహము మూసలో పోసినట్లు, ఒకమారు కూర్చిన అమరికలో వివరములు నింపి పెక్కు పుటలలో వాడుకొనవచ్చును. అయితే ఏ వివరమునకు ఏ పేరు వ్రాయవలెనో, ఏది విడువరానిదో మూసను చూచినంతనే బోధపడదు. దానిని తెలుపుటకే ‘డాక్’ అను ఉపపుట యేర్పడినది. మూలమును మార్చినచో దానిని వాడిన పుటలన్నియు మరల రూపొందవలెను. కావున విరివిగా వాడబడు మూసలకు సంరక్షణ విధింతురు. ఉపపుటలోని వ్యాఖ్యను సామాన్యముగా నెవరైనను దిద్దవచ్చును. మల్లినాథుడును కాళిదాసును ముట్టకయే విప్పి చెప్పినాడు గదా!

మా యాక్షేపణ వేరు. ఆంగ్లవికీనుండి తెచ్చిన మూసల వెంట వ్యాఖ్యయు ఆంగ్లముననే వచ్చుచున్నది. మూసలోని పేర్లను తెనిగించి, వ్యాఖ్యలోని ఉదాహరణమును అట్లే విడిచినచో కీడు మఱింత పెద్దది. ఎరుగని పేరు తగిలినపుడు మీడియావికీ సాధారణముగా దోషమని చెప్పదు. ఆ వివరము పుటలో కనబడదు, అంతే. ఉదాహరణమును నమ్మి వ్రాసిన క్రొత్తవాడు తప్పు తనదే యనుకొని తొలగిపోవును. వ్యాఖ్యలో సరియైన తెలుగు ఉదాహరణ మొక్కటి యున్నచో, తక్కిన పట్టికలో సగము లోపించినను మేము సహింతుము.