హాజరు పలికే గొంతు

ఉప్పల్ రింగురోడ్డు దాటి బడికి చేరేసరికే పిల్లలు సగం అలసిపోతారు. బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు నుంచి షేర్ ఆటోల్లో ఇరుక్కుని వచ్చేవాళ్లు కొందరు. నాచారం పారిశ్రామికవాడలో అమ్మానాన్నలు పొద్దున షిఫ్టుకు పోతే, తమ్ముణ్ణి తయారుచేసి, ఇంటికి తాళమేసి వచ్చేవాళ్లు ఇంకొందరు. మొదటి గంట టీచరు పాఠం చెప్పాల్సింది వీళ్లకే.

అందుకే నాకు హాజరు ముఖ్యం. పేరు పిలిచి తలెత్తి ముఖం చూస్తాను. ‘ప్రెజెంట్ సార్’ అనే గొంతు రోజూ వింటుంటే ఎవరు తినకుండా వచ్చారో, ఎవరికి రాత్రి నిద్ర లేదో కొంత తెలిసిపోతుంది. అందరి ముందూ మాత్రం అడగను. విరామంలో నల్లా దగ్గర అడిగితేనే చెప్తారు. 2023లో తెలంగాణ సర్కారు బడుల్లోకి ముఖం గుర్తుపట్టే హాజరు యాప్ వచ్చింది. లెక్కకు అది చాలు. అదే ఏడాది అక్టోబరు 6న మొదలైన ముఖ్యమంత్రి అల్పాహార పథకం వెనకున్న ఆలోచన నాకు ఇంకా నచ్చింది. ఆకలిగా ఉన్న పిల్లకు బోర్డు మీద భిన్నాలు ఎక్కడ కనిపిస్తాయి?

క్లాసు నిశ్శబ్దంగా ఉంటే టీచరును మెచ్చుకోవడం మనకు అలవాటు. కానీ నిశ్శబ్దంగా ఉండటమే లీనమవడం కాదు. పిల్లలు పాఠంలో లీనమవడాన్ని ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ అనే పరిశోధకులు 2004లో మూడుగా విడదీశారు: చేత, మనసు, ఆలోచన. నోట్సు బుద్ధిగా రాసుకోవడం మొదటిది మాత్రమే. భయం ఉన్నచోట మిగతా రెండూ రావు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం చాలావరకు పోయింది, ఎత్తిపొడుపు పోలేదు. తప్పు జవాబుకు క్లాసంతా నవ్వేలా ఒక్క మాటన్నామా, ఆ పిల్లాడు మళ్లీ చెయ్యెత్తడు. బుద్ధిమంతుడని రిజిస్టర్లో పేరొస్తుంది, అంతే.

‘ఇవన్నీ చూస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది సార్?’ అంటారు తోటి టీచర్లు. పదో తరగతి స్పెషల్ క్లాసులు నడిచే రోజుల్లో అది న్యాయమైన ప్రశ్నే. ఢిల్లీలో 2018లో ఆనందం కోసం విడిగా ఒక పీరియడే పెట్టారు. నాకు అనుమానమే. ఆ గంటలో కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, తర్వాతి లెక్కల గంటలో ‘మొద్దూ’ అంటే ఏం లాభం? నాకైతే ఆ లెక్కల గంటనే బాగుచేసుకోవాలనిపిస్తుంది.

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం పన్నెండుకు తల పనిచేయదు. కొత్త లెక్కలు పొద్దున్నే చెప్పేసి, చివరి గంటలో నీళ్లు తాగనిచ్చి, ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి పాతవే చేయిస్తాను. గోల గోలగా ఉంటుంది. పక్క క్లాసు మేడమ్ వచ్చి మా తలుపు దగ్గరికి వేసి పోతారు.