ధనము, దండము, యంత్రము: శాస్త్రగ్రంథములందుఁ గారకపరీక్ష

కావ్యమును బరీక్షించుటకు మనకు లక్షణగ్రంథములు పెక్కు గలవు. శబ్దమును బరీక్షించుటకు వ్యాకరణము కలదు. ధనమును, యుద్ధమును, యంత్రములచేఁ గలుగు మార్పులను బ్రతిపాదించు వచనగ్రంథములను బరీక్షించుటకు మాత్రము మన విమర్శకు లొక గీటురాయిని సిద్ధము చేసికొనలేదు. అట్టి గ్రంథము తెనుఁగున వెలువడినప్పుడు భాష సులభముగా నున్నదనియో, విషయము నవీనమైనదనియో రెండు మాటలు చెప్పి యూరకుందుము. ఇది గ్రంథకర్తకును బాఠకునకును గూడ నన్యాయము.

ఈ వ్యాసమునకు హేతువైన సంగతిని ముందుగాఁ జెప్పెదను. నేను కూకట్‌పల్లిలో నివసించువాఁడను. నాయొద్ద సాయంకాలము లఘుకౌముది చదువుకొను యువకుఁ డొకఁడు పగలు హైటెక్ సిటీలో నొక కంప్యూటరు సంస్థయందుఁ బని చేయును. అతఁడు మెట్రోరైలులోఁ గూర్చుండి యాంగ్లగ్రంథములు చదువును. చదివినవి నాకుఁ దెచ్చి యిచ్చును. ఒకనాఁడు "గురువుగారూ, ఇట్టి పుస్తకములు తెనుఁగున నేల లేవు? మన భాష కీ బరువు మోయు శక్తి లేదా?" అని యడిగెను. ఉన్నవని వెంటనే యంటిని. ఏవి యని యడుగఁగా రెండు మూఁడు పేళ్లు చెప్పి యాఁగిపోయితిని. ఇంటికి వచ్చిన పిదప నా చెప్పిన పుస్తకములనే మరల విప్పి, అతఁ డిచ్చినవానితో సరిచూచితిని. ఆ పరిశీలనముయొక్క ఫల మిది.

నా చేతనున్న గీటురాయి వ్యాకరణమే. క్రియ సిద్ధించుటకుఁ దోడ్పడునది కారకము. అవి యాఱు. స్వాతంత్ర్యము గలది కర్త. కర్త మిక్కిలి కోరునది కర్మము. సాధనము లన్నిటిలో నెక్కువ యుపకరించునది కరణము. ఎవరి నుద్దేశించి యీయఁబడునో వారు సంప్రదానము. దేనినుండి విడివడి వచ్చునో యది యపాదానము. ఎచ్చట జరుగునో యది యధికరణము. "రాజు కోటను గెలిచెను" అను వాక్యమున వ్యాకరణదోష మేమియు లేదు. కాని చరిత్రమునకు నీ వాక్యము చాలదు. దేనితో గెలిచెను? సైనికుల జీతబత్తెములు దేనినుండి వచ్చెను? గెలుపుయొక్క ఫల మెవ్వరికిఁ జేరెను? ఏ నేలపై, ఏ ఋతువున గెలిచెను? కరణమును దెలుపునది యంత్రవిద్య. అపాదానసంప్రదానములను దెలుపునది యర్థశాస్త్రము. తక్కినవానిని దెలుపునది యుద్ధచరిత్రము. శాస్త్రములు మూఁడైనను గ్రియ యొక్కటియే. ఒక గ్రంథమునం దేకారకము లోపించినదో, ఏది స్థానము దప్పినదో చూచుటయే నేను బూనిన పరీక్ష.

మొదట కౌటిల్యుఁడు. మైసూరు గ్రంథాలయమునఁ జేరిన తాళపత్రప్రతిని శామశాస్త్రిగారు 1909వ సంవత్సరమున ముద్రించినది మొదలు ఈ గ్రంథము లోకమునకు మరల లభించినది. మామిడిపూడి వేంకటరంగయ్య, ఆకుండి వేంకటశాస్త్రిగారలు దీనిని దెనిఁగించిరి. మన కాలమున పుల్లెల శ్రీరామచంద్రుఁడుగారును దీనికిఁ దెనుఁగున వ్యాఖ్యానము చేసిరి. మనుష్యుల జీవనోపాయ మర్థ మనియు, మనుష్యులు నివసించు భూమియు నర్థమే యనియు, ఆ భూమిని బొందుటకును బాలించుటకును ఉపాయము చెప్పునది యర్థశాస్త్ర మనియు గ్రంథాంతమున నతఁడు నిర్వచించినాఁడు. రెండవ యధికరణమున గనులను గూర్చి చెప్పుచు, కోశము గనులనుండి పుట్టుననియు, దండము కోశమునుండి పుట్టుననియు, ఆ రెంటిచేతను భూమి లభించుననియు నొక గొలుసును గట్టినాఁడు. గనిలో యంత్రవిద్య, కోశములో ధనశాస్త్రము, దండములో యుద్ధవిద్య యిమిడియున్నవి. అంతటితో నూరకుండక, గనుల యధ్యక్షుఁడు ధాతువిద్య నెఱిఁగినవాఁడై యుండవలె ననియు, ఆయుధాగారమునఁ బని చేయు శిల్పులకుఁ బనియు, కాలమును, వేతనమును, ఫలితమును నిర్ణయింపవలె ననియు విధించినాఁడు. కత్తిని జెప్పినచోటనే కత్తిని జేసినవాని కూలిని గూడఁ జెప్పిన గ్రంథ మిది. దీనియందలి లోప మొక్కటే: ఫలము చేరునది యంతయు రాజునకే. పనివాఁడు లెక్కకు వచ్చును గాని సంప్రదానమున వానికిఁ జోటు లేదు.

ఇఁక నాధునికము. 1906వ సంవత్సరమున హైదరాబాదునందే విజ్ఞానచంద్రికామండలి స్థాపింపఁబడెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలగువారి కృషివలన చరిత్రములును బ్రకృతిశాస్త్రములును దెనుఁగు వచనమున వెలువడెను. ఆ మాలయందే కట్టమంచి రామలింగారెడ్డిగారి యర్థశాస్త్రము వెలువడినది. కేంబ్రిడ్జియందుఁ జదివి, తరువాత నాంధ్రవిశ్వవిద్యాలయమునకుఁ దొలి యుపాధ్యక్షులైన యీ విద్వాంసుఁడు కావ్యవిమర్శ వ్రాసిన చేతితోనే ధనశాస్త్రమును వ్రాయుట మన భాషకు మహోపకారము. అయినను, ఈ కాలమునందే యర్థశాస్త్ర మను పేరు ధనవిచారమునకు మాత్రమే రూఢమైపోయెను. యుద్ధ మొక పుస్తకమునకును, రసాయన మింకొక పుస్తకమునకును బోయెను. అరమర యొక్కటే; గ్రంథములు వేఱు. లక్ష్మణరావుగారు పూనిన యాంధ్రవిజ్ఞానసర్వస్వము వీనిని గలిపియుండెడిది. దాని నసమాప్తముగా విడిచి వారు 1923లో దివంగతులైరి. పాశ్చాత్యులందును ఈ విభాగ మాదిలో లేదు. 1776లో వెలువడిన యాడం స్మిత్తు గ్రంథముయొక్క యైదవ భాగమున సైన్యవ్యయమును, తుపాకులచే యుద్ధము ఖర్చుతోఁ గూడినదై ధనికదేశములకు ననుకూలించుటయుఁ జర్చింపఁబడినవి.

ఈ విభాగమువలని నష్టమునకు బొబ్బిలియుద్ధమే దృష్టాంతము. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీని జరిగిన యా యుద్ధమును బిల్లలును జెప్పఁగలరు. రంగారావు పౌరుషము, విజయరామరాజు పగ, పాపారాయని ప్రతీకారము, వీనినే చెప్పుదురు. కర్తలున్నారు, కర్మ మున్నది. కరణముగా ఫ్రెంచివారి ఫిరంగులు నున్నవి. అపాదాన మెక్కడ? 1753వ సంవత్సరమున సలాబతుజంగు ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను ఫ్రెంచిసేనల జీతములకై బుస్సీ కిచ్చెను. ఆ శిస్తులు వసూలగుటకే బుస్సీ సేనతో నుత్తరమునకు వచ్చినాఁడు. ఆ ఫిరంగులను బేల్చినవాని జీతము ఆ మండలపు రైతు చెల్లించినదే. ఈ యొక్క కారకము చేర్చినంతనే రెండు కుటుంబముల పగ యొక సామ్రాజ్యపు వసూలుపద్ధతిలోని యంశమై తోఁచును. వీరగాథకుఁడు దీనిని విడిచినందులకు దోషి కాఁడు. వాని ప్రయోజనము వీరరసము. వచనమునఁ జరిత్రము వ్రాయువాఁ డా గాథనే యనుసరించి యూరకుండుట దోషము.

ఈ దోషమును జాలవఱకుఁ దొలఁగించిన గ్రంథము సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వెలువడి 1955లో సాహిత్య అకాడమీ బహుమానము నందిన యీ గ్రంథము రాజును వెనుకకుఁ ద్రోసి ప్రజలను ముందునకుఁ దెచ్చెను. ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ వర్తకము చేసిరి, ఏ యాయుధము పట్టిరి యని కావ్యములను గాలించి కూర్చినారు. కరణాధికరణములు దీనియందు సమృద్ధములు. అయినను రెండు మాటలు చెప్పక తప్పదు. మొదటిది, ఆధారములు కావ్యములగుటచే వస్తువుల పేళ్లు దొరకినంతగా వెలలును లెక్కలును దొరకవు. కావున నపాదానము పలుచఁబడినది. రెండవది, సాంఘికచరిత్ర మని పేరైనను దాని ప్రకరణముల సరిహద్దురాళ్లు మొదట రాజవంశములు, తరువాత 1757, 1857 వంటి యుద్ధవత్సరములు. ప్రజల జీవనము మాఱిన దినము యుద్ధము జరిగిన దినమేనా యను ప్రశ్న మిగిలియే యున్నది. ఇది నింద గాదు. ఆ ప్రశ్న నడుగు స్థితికి మనలఁ దెచ్చినదియు నా గ్రంథమే.

మన గ్రంథములందు లోపము కారకముల లేమియైనచో, నా శిష్యుఁడు దెచ్చిన యాంగ్లగ్రంథములను జదువు తీరున దోషము కారకముల తాఱుమాఱు. 2022లో వెలువడిన క్రిస్ మిల్లరుగారి "చిప్ వార్" అను గ్రంథము సిలికాను చిప్పుల పుట్టుకను, వానిచే నాయుధములు గుఱి దప్పనివగుటను, తైవానులోని కర్మాగారముల ప్రాధాన్యమును వర్ణించును. చిప్పుల రూపకల్పన చేయు కార్యాలయములు మాధాపుర, గచ్చిబౌలి ప్రాంతములఁ బెక్కు గలవు కాన నిచ్చటి యువకులు దీనిని మక్కువతోఁ జదువుట సహజము. గ్రంథకర్త మనుష్యులను, ప్రభుత్వముల ధనమును మఱువలేదు. చదివినవారు మాత్రము "ఇఁక యుద్ధములను చిప్పే గెలుచును" అను నొక్క వాక్యమును బట్టుకొని వత్తురు. వ్యాకరణ మిట్టి ప్రయోగమునకు సమ్మతించును. "కత్తి చక్కఁగా నఱకుచున్నది", "కుండ వండుచున్నది" అని లోకమున నందుము; వక్త వివక్షనుబట్టి కరణమును నధికరణమును గూడఁ గర్త కావచ్చును. కాని కుండ వండునని నమ్మి వంటవానిని బంపివేసినవాఁడు పస్తుండును.

దీనికి సాక్ష్యము మాకుఁ జేరువనున్న గోలకొండయే. కృష్ణాతీరమునఁ గొల్లూరు గనులలోని వజ్రములచేఁ గోశము నిండిన రాజ్య మది. 1687వ సంవత్సరమున నౌరంగజేబు దానిని సుమా రెనిమిది మాసములు ముట్టడించెను. పెద్ద ఫిరంగులు తెచ్చెను. సొరంగములు త్రవ్వించి మందు దట్టించెను. ఆ మందు త్రవ్వినవారి మీఁదికే ప్రేలెను. వానలును గఱవును మొగలుసేనను బీడించెను. తుదకు సెప్టెంబరు మాసమున నొక రాత్రి కోటలోని యధికారి లంచమునకు లోఁబడి తలుపు తీయఁగా కోట పట్టుపడెను. నేఁటికిని బురుజుపై నున్న ఫిరంగిని జూచి యది కోటను గెలిచినదని చెప్పుకొనువారు గలరు. కోశమున్నను దండము నిలువలేదు; కరణమున్నను గర్త వేఱయ్యెను.

ఈ తాఱుమాఱును సవరింప సమర్థములైన గ్రంథము లాంగ్లమునందే కలవు. 1987లోఁ బాల్ కెనెడీగారు 1500 మొదలు 2000 వఱకు మహారాజ్యముల యుత్థానపతనములను వాని ధనబలముతోఁ దూచి వ్రాసిరి. అపాదానమున కింతటి గౌరవ మిచ్చిన యుద్ధచరిత్ర మరుదు. అమెరికాయొక్క క్షీణతను గూర్చి యందున్న ప్రకరణమే వాదములకు గుఱికాఁగా, నాలుగేండ్లకు, అనఁగా 1991లో, విచ్ఛిన్నమైనది సోవియట్టు రాజ్యము. కోశమును దూఁచినంత మాత్రమున భావి తెలియదని దీనివలనఁ గ్రహింపవలెను. 2006లో డేవిడ్ ఎడ్జర్టనుగారు క్రొత్తగాఁ గనుఁగొన్న యంత్రములకంటె వాడుకలోనున్న వస్తువులను లెక్కింపవలె నని వాదించిరి. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనుసేన గుఱ్ఱములపై నెంతగా నాధారపడెనో చూపిన యా వాదము కరణమును మరల దాని స్థానమునఁ గూర్చుండఁబెట్టినది.

ఇఁక శిష్యుని రెండవ ప్రశ్న: తెనుఁగున కీ శక్తి కలదా? నిజామాబాదు మండలమునందలి కోనసముద్రమున మట్టిమూసలలో నినుమును గరఁగించి యుక్కు చేసెడివారు. ఆ యుక్కుకై పారసీకదేశపు వర్తకులు వచ్చెడివారు; డమాస్కసు కత్తులని ప్రసిద్ధి గన్నవాని కిట్టి యుక్కే మూలము. ఆ పనిని జూచి వ్రాసి పెట్టినవాఁడు వాయిసీ యను నాంగ్లవైద్యుఁడు. అతని వ్రాఁత 1832లోఁ గలకత్తాలో ముద్రితమైనది. పని చేసినవాఁడు తెనుఁగువాఁడు. మూస, కొలిమి, తిత్తి, సమ్మెట, పట్టకారు, ఇవన్నియుఁ దెనుఁగు మాటలే. వర్తకునియొద్ద పెట్టుబడి, మదుపు, బత్తెము, శిస్తు ఉన్నవి. మాటలు లేక కాదు, వ్రాయువాఁ డా కొలిమియొద్దకుఁ బోక పుస్తకము పుట్టలేదు. దీనిలో మా పండితవర్గమునకుఁ బాలు కలదు. కంప్యూటరునకు సంగణక మని పేరు పెట్టి పని ముగిసినదని తృప్తి నొందినవారిలో నేనును నొకఁడను. పేరు పెట్టితినే కాని, దానిని జేయుటకుఁ బట్టు పెట్టుబడి యెంత, దాని ముందు రాత్రులు గూర్చుండువాని కూలి యెంత యని యేనాఁడు నడుగనైతిని.

మా కూకట్‌పల్లిలో ఐ.డి.ఎల్. చెఱువని యొకటి కలదు. ఏఁటేఁట వినాయకవిగ్రహముల నందు నిమజ్జనము చేయుదురు. ఆ మూఁడక్షరముల కర్థ మేమని యడిగినఁ జెప్పఁగలవా రరుదు. గనులలో మందును బేల్చుటకు వలయు సాధనములను జేయు ఇండియన్ డిటొనేటర్స్ అను కర్మాగారమువలన వచ్చిన పే రది. కౌటిల్యుని గొలుసులోని మొదటి కడియము మా చెఱువుగట్టుననే యున్నది. మేము దానికి విగ్రహవాక్యము చెప్పుకొనలేదు. ఆ కర్మాగారముయొక్క, దాని పనివారియొక్క, వారి యిండ్లచుట్టును బెరిగిన యీ నగరముయొక్క చరిత్ర మాఱు కారకములతోఁ దెనుఁగున వ్రాయఁబడినయెడల, అది యే భాషలోని యే గ్రంథమునకును దీసిపోదు. ఆ శిష్యుఁడే దానిని వ్రాయవలె నని నేను గోరితిని. చేయితప్పులు నేను దిద్దెదను. లెక్క లతఁడు తేవలెను. పరీక్షలోని తప్పొప్పులను విజ్ఞులు నిర్ణయింతురుగాక.