గుమ్మఘట్ట ప్రాంత తొలి ఆవాసాలు: ఆధారాల అన్వేషణలో కొన్ని సమస్యలు

రాయలసీమ గ్రామచరిత్రలపై వచ్చిన పరిశోధనలలో ఒక కథనక్రమం తరచుగా పునరావృతమవుతుంది. ఒక నాయకుడు వస్తాడు, అడవి కొట్టిస్తాడు, చెరువు తవ్విస్తాడు, ఊరు కట్టిస్తాడు. ఇది కైఫీయతులు అందించిన క్రమం. 1800లో దత్తమండలాలు కంపెనీ వశమైన తరువాతి కాలంలో మెకంజీ సహాయకులు గ్రామాల నుంచి సేకరించిన ఈ రచనలలో హక్కులు, మాన్యాలు, వంశగౌరవం ప్రధానాంశాలు. ఊరి పుట్టుకను చెప్పడం వాటికి ఒక ఉపకరణం మాత్రమే. దానిని యథాతథంగా వలసచరిత్రగా స్వీకరించడం పద్ధతిపరమైన దోషం.

రాయదుర్గం విషయమే చూడవచ్చు. బోయల స్థావరమైన కొండను విజయనగర అధికారి భూపతిరాయలు ఆక్రమించగా దానికి భూపతిరాయకొండ అనే పేరు వచ్చిందని ప్రసిద్ధి. తరువాత కుందుర్పి నుంచి పెద్దకోనేటి నాయకుడు వచ్చాడు. ఈ కథలో గెలిచినవారి రాకే ఆరంభం. ఓడిన బోయలు అక్కడికి ఎప్పుడు చేరారన్న ప్రశ్నే లేదు.

ఆ ప్రశ్నకు రాళ్ళు కొంత సమాధానమిస్తాయి. గొల్లపల్లి పరిసరాలలోని బృహత్ శిలా సమాధులను వలసకాలపు రచనలు గుర్తించాయి. ఇటువంటి సమాధులను సీమలో రాక్షసగుళ్ళనీ, పాండవుల గుళ్ళనీ పిలుస్తారు. కట్టినవారి జ్ఞాపకం పూర్తిగా తెగిపోయిందనడానికి ఆ పేర్లే సాక్ష్యం. పొరుగున మొలకాల్మూరు తాలూకాలోని బ్రహ్మగిరిలో 1947లో వీలర్ జరిపిన తవ్వకాలు రాతిగొడ్డళ్ళ సంస్కృతి, దానిపై బృహత్ శిలా సంస్కృతి వరుసగా ఉన్నట్లు చూపాయి. గుమ్మఘట్ట పరిశోధకుడికి అతి దగ్గరి కాలమానదండం అదే. రాష్ట్ర సరిహద్దుకు అవతల ఉన్న కారణంగా దానిని విస్మరించడం సమర్థనీయం కాదు.

సరిహద్దు మరొక చిక్కును కూడా తెచ్చింది. రాయదుర్గం తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉంది. అందువల్ల ఫ్రాన్సిస్ 1905లో ప్రచురించిన అనంతపురం గెజెటీరులో ఈ తాలూకా కనబడదు. 1904 నాటి బళ్ళారి గెజెటీరును చూడాలి. శాసనాలకు కూడా మద్రాసు రాజధాని కన్నడ శాసనాల సంపుటాలను, అందులోనూ బళ్ళారి జిల్లా విభాగాన్ని, వెదకాలి. 'అనంతపురం' అనే మాటతో మాత్రమే వెదికి, ఆధారాలు లేవని తేల్చడం తొందరపాటు. కన్నడ లిపి చదవలేని పరిశోధకుడు ఈ ప్రాంతంపై సిద్ధాంతగ్రంథం రాయడం సాహసమే అవుతుంది.

ఊరి పేరు ఇందుకు మంచి ఉదాహరణ. 'ఘట్ట'ను తెలుగు 'కట్ట'కు రూపాంతరంగా భావిస్తే చెరువుతో ముడిపడిన ఆవాసం ఊహకు వస్తుంది. కన్నడ 'ఘట్ట'గా తీసుకుంటే కొండకు సంబంధించిన పేరవుతుంది. ఒత్తక్షరం లేఖకుల సంస్కృతీకరణ కూడా కావచ్చు. కాబట్టి ప్రాచీన శాసనరూపం లభించేవరకు ఏ ఒక్క వ్యుత్పత్తినీ స్థాపించరాదు. పూలకుంట, సిరిగెదొడ్డి వంటి పేర్లు ఇంతకంటే స్పష్టమైనవి. వాటిలో నాయకుడు లేడు; నీటి గుంట ఉంది, పశువుల దొడ్డి ఉంది. వాన తక్కువైన నేలలో మందలు మొదట ఎక్కడ ఆగాయో సూచించే పేర్లివి. అయితే వాటి ప్రాచీనతను క్షేత్రపరిశీలన లేకుండా చెప్పలేం.

క్షేత్రం కూడా యథాతథంగా మిగల్లేదు. వేదవతిపై కట్టిన భైరవానితిప్ప జలాశయం ఈ మండలంలోనే ఉంది. ఏటి ఒడ్డు తొలి ఆవాసాలకు అనువైన చోటు. ఆ ఒడ్డులో కొంత భాగం ఇప్పుడు నీటి అడుగున ఉంది. కరవు సంవత్సరాలలో నీరు దిగినపుడు బయటపడే నేలపై బూడిదమట్టి పొరలు, కుండపెంకులు, రాతి పనిముట్లు ఉన్నాయేమో పరిశీలించి, వాటిని బ్రహ్మగిరి పొరలతో పోల్చడం ఇప్పటికీ సాధ్యమైన పని.