వాద్యబృందమునకెంత? నూతన సంగీతమునకెంత?

1969 నవంబరు 17వ తేదీన ఆమ్‌స్టర్‌డాం నగరమందలి కొన్సెర్ట్‌హెబౌ సంగీతశాలలో బెర్నార్డ్ హైటింక్ నిర్వహించుచున్న కచేరీని యువ స్వరకర్తలు కొందరు చప్పుడు చేయు ఆటవస్తువులతో అడ్డగించిరి. లూయీ ఆండ్రీసెన్, జాజ్ వాదకుడు మిషా మెంగెల్‌బర్గ్ వారిలోనివారు. ఆ వాద్యబృందము నూతన సంగీతమును ఉపేక్షించుచున్నదనియు, దానిపై బహిరంగచర్చ జరుగవలెననియు వారి వాదము.

వినవచ్చిన శ్రోతలకు విఘ్నము కలిగించుట నాకు సమ్మతము కాదు. ప్రశ్న మాత్రము న్యాయమైనది. పెద్ద వాద్యబృందమునకు జీతములు, శాల, నిత్యాభ్యాసము కావలెను. ధనము తగ్గినచో అది విచ్ఛిన్నమగును. 2013లో హాలండు ప్రభుత్వము వ్యయము తగ్గించినందున రేడియో ఛాంబర్ ఫిల్హార్మోనిక్ బృందమే అంతరించెను. జాజ్ వాదకునకంత వ్యయము లేదు. అట్లని అతనికి పోషణమే అక్కరలేదనుట పొరపాటు. 1972లో ఆండ్రీసెన్ జాజ్ వాదకులను చేర్చుకొని స్థాపించిన ‘డె ఫోల్‌హార్డింగ్’ బృందము, నూతన స్వరరచనకు క్రొత్త వేదిక యెంత యావశ్యకమో చూపెను.

అనువాదకుడనగు నాకీ తగవు చిరపరిచితము. ప్రాచీన కావ్యమునకు మరియొక అనువాదము వెలువడుచుండగా, నేటి హిందీ కవి తన మొదటి తెలుగు అనువాదమునకై వేచియుండును. ప్రాచీనమును రక్షింపవలసినదే, కాని నూతనమునకు దాని పాలు ముందుగనే విడదీసి యుంచవలెను. పంక్తి లేచిన పిదప మిగిలిన మెతుకులు పెట్టుట పోషణ మనిపించుకొనదు.