‘కాస్త’ను కొలిచే నేర్పు

జపాన్‌లోని సెందాయ్ నగరంలో 1987 జూలైలో భూగర్భ రైలు మొదలైంది. మోటార్లకు ఎంత శక్తి ఇవ్వాలో, బ్రేకు ఎప్పుడు వేయాలో అందులో, ‘కాస్త’, ‘ఎక్కువ’ లాంటి మాటలను లెక్కగా మార్చే ఫజీ లాజిక్ తేల్చేది. హిటాచీ ఇంజనీర్లు సెయిజీ యసునోబు, షోజి మియామోతో ఆ పద్ధతిని తీర్చిదిద్దారు.

చేయి తిరిగిన డ్రైవరు సమీకరణాలు కట్టడు. బ్రేకు కొద్దిగా పెంచితే రైలు సరైన చోట ఆగుతుందనీ, కుదుపు ఉండదనీ అతనికి తెలుసు. ఆ తెలివిడినే వాళ్లు నియమాలుగా రాశారు. ఏ నాచ్ (శక్తి లేదా బ్రేకు మెట్టు) వేస్తే ఏమవుతుందో కంప్యూటరు ముందే అంచనా కట్టి, భద్రత, సౌఖ్యం, విద్యుత్ పొదుపు, ఆగే చోటు అన్నీ తూచి ఒకదాన్ని ఎంచుకునేది. ఎంత అందమైన పని!

ఫజీ లాజిక్‌కు పునాది 1965లో శాస్త్రవేత్త లోట్ఫీ జాదే వేశారు. 1970లలో లండన్‌లో పరిశోధకుడు మమ్దానీ చిన్న ఆవిరి ఇంజన్‌ను ఇలాగే అదుపు చేసి చూపారు.

ఈ పద్ధతిలో మామూలు డీసీ మోటారు వేగాన్ని అదుపు చేయాలన్నా అడిగే ప్రశ్నలు రెండే. కావలసిన వేగానికి ఇంకా ఎంత తేడా ఉంది? ఆ తేడా పెరుగుతోందా, తరుగుతోందా? తేడా ‘కాస్తే’ ఉండి, జోరుగా తరుగుతుంటే వోల్టేజీని ముందే తగ్గించాలి. లేకుంటే వేగం హద్దు దాటి ఊగుతుంది. ‘కాస్త’ ఎక్కడ ‘ఎక్కువ’లో కలుస్తుందో గీయడంలోనే ఇంజనీరు నేర్పంతా ఉంది. ఒకే తేడా 0.7 మేర ‘కాస్త’, 0.3 మేర ‘ఎక్కువ’ కావచ్చు. ఆ రెండింటి నియమాలూ తమ బలం కొద్దీ పలుకుతాయి. వాటిని కలిపి తేల్చిన విలువే మోటారుకు చేరుతుంది.

మోటారుపై భారం స్థిరంగా ఉంటే, తేడాను సూత్రంతో సరిచేసే మామూలు పీఐడీ నియంత్రణ చాలు. భారం మాటిమాటికీ మారే చోటే, ‘కాస్త’, ‘ఎక్కువ’ల గీతలు జరిపి, మోటారుపై బరువు వేసి చూసి, మళ్లీ జరిపే ఓపిక ఫలిస్తుంది.